లేటెక్స్ పరుపుకి మంచం ఎలా ఎంచుకోవాలి: బద్దల సందు నుంచి కోళ్ల దాకా

లేటెక్స్ పరుపు కొనేటప్పుడు దాని మందమెంత, మెత్తదనమెంత, సహజ రబ్బరు శాతం ఎంత అని గంటలకొద్దీ చదువుతాం. మంచం దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇంట్లో ఉన్నదాని మీదే వేసేద్దాంలే" అనేస్తాం. పాత తరహా స్ప్రింగ్ పరుపైతే ఆ మాట చాలావరకు చెల్లుతుంది. లేటెక్స్ దగ్గర చెల్లదు.

ఎందుకంటే స్ప్రింగ్ పరుపులో స్ప్రింగులన్నిటినీ తీగలతో కలిపి కట్టేసి, చుట్టూ అంచుకి గట్టి కమ్మీ పెడతారు కాబట్టి కింద రెండు బద్దల మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ ఉన్నా అది పెద్దగా పట్టించుకోదు. లేటెక్స్‌లో అలాంటి కట్టు ఏమీ ఉండదు. రబ్బరు చెట్టు పాలని నురగలా గిలక్కొట్టి, అచ్చులో పోసి ఉడికించి తీసిన దిమ్మ అది, ఎముకల్లేని ఒళ్లు లాంటిది. కింద ఏది ఉంటే దాని ఆకారమే తీసుకుంటుంది. సందు ఉంటే సందులోకి దిగుతుంది, మంచం మధ్యలో వంగితే తనూ వంగుతుంది. పొద్దున్నే నడుం పట్టేసి లేచి పరుపు కుంగిపోయిందని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు కుంగింది దాని కింద ఉన్న చెక్క.

కాబట్టి కావాల్సింది చదునుగా ఉండి, వంగకుండా, కింది నుంచి గాలి తగిలే మంచం. డిజైను, రంగు, తలవైపు కుషను ఇవన్నీ ఆ తర్వాతి సంగతి.

ముందు బరువు లెక్క వేసుకోండి

లేటెక్స్ బరువు చాలామందికి మొదటిసారి ఎత్తినప్పుడే తెలుస్తుంది. మామూలుగా పరుపుల్లో వాడే లేటెక్స్ ఘనపు మీటరుకి 65 నుంచి 95 కిలోల దాకా తూగుతుంది. మధ్యలో 80 అనుకుని లెక్కేస్తే, 78 అంగుళాల పొడవు, 72 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల మందం ఉన్న పరుపు దాదాపు 59 కిలోలు వస్తుంది. అదే 60 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందమైతే 37 కిలోల దరిదాపు. లేటెక్స్ దిమ్మని తయారుచేసే రెండు పద్ధతుల్లో, డన్‌లప్ పద్ధతిలో చేసినది టలలే పద్ధతిలో చేసినదానికంటే సాధారణంగా బరువుగా ఉంటుంది.

దానికి ఇద్దరు పెద్దవాళ్లని కలపండి, దుప్పట్లు దిండ్లు కలపండి, సులభంగా 200 కిలోలు దాటేస్తుంది. ఇదంతా కదలకుండా పడుకుంటే. ఒకరు అంచు మీద ధబేలున కూర్చుంటారు, పిల్లలు ఎగురుతారు, అప్పుడు బరువంతా రెండు మూడు బద్దల మీదే పడుతుంది. మంచం అమ్మేవాళ్లు "ఇన్ని కిలోలు మోస్తుంది" అని చెప్తే, అందులో పరుపు బరువు కూడా కలిపి చెప్తున్నారా, మనుషుల బరువు ఒక్కటేనా అని తప్పకుండా అడగండి. ఆ అంకె చెప్పలేని మంచాన్ని నేనైతే లేటెక్స్‌కి తీసుకోను.

బద్దలు: అసలు కథ ఇక్కడే ఉంది

రెండు బద్దల మధ్య ఖాళీ రెండు నుంచి రెండున్నర అంగుళాలు ఉంటే బాగుంటుంది, మూడు దాటకూడదు. ఈ ఖాళీని ఒక బద్ద అంచు నుంచి పక్క బద్ద అంచు దాకా కొలవాలి. నడుమ నుంచి నడుమకి కొలిస్తే లెక్క మారిపోతుంది, అమ్మేవాళ్లు ఏ కొలత చెప్తున్నారో కూడా కనుక్కోండి. పరుపు పల్చగా ఉంటే, అంటే ఆరు అంగుళాలో అంతకంటే తక్కువో ఉంటే, రెండు అంగుళాల దగ్గరే ఆగిపోవడం మేలు.

షాపులో టేపు లేకపోయినా బద్దల సంఖ్యని బట్టి చెప్పేయొచ్చు. 78 అంగుళాల పొడవు మంచంలో మూడంగుళాల వెడల్పు బద్దలు పది ఉన్నాయనుకోండి, చెక్క 30 అంగుళాలు పోగా మిగిలిన 48 అంగుళాలు తొమ్మిది సందులుగా పంచుకుంటే ఒక్కోటి ఐదు అంగుళాల పైనే. ఇది లేటెక్స్‌కి పనికిరాదు. అదే పద్నాలుగో పదిహేనో ఉంటే సందు రెండున్నర దగ్గరకి వస్తుంది. ఫొటో చూసి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఈ లెక్క బాగా పనికొస్తుంది, పరుపు లేకుండా తీసిన ఫొటో వెతికి బద్దలు లెక్కపెట్టుకోవడమే.

ఇక మందం. పావు అంగుళం తేడా ఏముందిలే అనిపిస్తుంది, కానీ బద్ద గట్టిదనం మందంతో పాటు మామూలుగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల బద్ద బదులు అదే చెక్కలో 18 మిల్లీమీటర్లది వేస్తే మందం ఒకటిన్నర రెట్లే అయినా గట్టిదనం మూడు రెట్ల పైన పెరుగుతుంది. ఈ లెక్క రెండో వైపు కూడా పనిచేస్తుంది: బద్ద కింద ఆసరా లేకుండా ఉన్న పొడవు సగం చేస్తే, అదే బరువుకి అది వంగేది ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మంచానికి నడిమధ్యలో తల నుంచి కాళ్ల దాకా ఒక దూలం వేయడం వల్ల వచ్చే లాభం ఇదే. ఇద్దరు పడుకునే ఏ మంచానికైనా ఆ నడి దూలం ఉండి తీరాలి, ఆ దూలానికి నేలని తాకే కాలు కనీసం ఒకటి, వెడల్పు మంచమైతే రెండు మూడు ఉండాలి. కాలు లేని నడి దూలం తనే వంగుతుంది, ఉన్నా లేనట్టే.

కాలు ఉన్నా అది నిజంగా నేలని తాకుతోందా లేదా చూడాలి. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చుట్టూ ఉన్న నాలుగు కోళ్లు ఆని, మధ్య కాలు గాల్లో వేలాడుతూ ఉంటుంది. ఒక కాగితం దాని కింద దూర్చి చూడండి, సులువుగా జారిపోతే ఆ కాలు పని చేయట్లేదన్నమాట. తిప్పితే ఎత్తు తగ్గే, పెరిగే స్క్రూ పాదం ఉన్న కాళ్లు దొరుకుతాయి, అవి తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

బద్దల చెక్క గురించి పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. పైన్ లాంటి మెత్తని చెక్కయినా మందం సరిపోయి, మధ్యలో పెద్ద ముడులు లేకపోతే చాలు. చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్ బద్దలు మాత్రం వద్దు, రోజూ పడే బరువుకి అవి మెల్లగా వంగి అలాగే ఉండిపోతాయి, స్క్రూలు కూడా వదులైపోతాయి. ప్రతి బద్దనీ రెండు చివర్లా స్క్రూతో బిగించాలి, లేదా బద్దలన్నిటినీ ఒక పట్టీకి కొట్టి ఉంచాలి. ఊరికే పేర్చి వదిలేస్తే ఇంత బరువున్న పరుపుని దుప్పటి మార్చేటప్పుడు లాగినప్పుడల్లా బద్దలు జరిగి ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా తయారవుతాయి.

వంపు తిరిగిన స్ప్రింగ్ బద్దల సంగతి ఏంటని అడుగుతారు. పల్చని చెక్క పొరలు అతికించి విల్లులా వంచి, చివర్లకి రబ్బరు తొడుగులు వేసి బిగించేవి. యూరప్‌లో లేటెక్స్‌ని వీటి మీద వేసుకోవడం మామూలే, సందు తక్కువగా ఉంటే బాగానే ఉంటాయి కూడా. కాకపోతే వాటికి సొంత మెత్తదనం ఉంటుంది, కాబట్టి మీరు గట్టిది అనుకుని కొన్న పరుపు వాటి మీద కాస్త మెత్తగా అనిపిస్తుంది, బరువైన మనుషులకి నడుం దగ్గర ఎక్కువ దిగుతుంది, కొన్నేళ్లకి తొడుగులు సాగిపోతే మార్చుకోవాలి. నా ఓటు చదును బద్దలకే. పరుపు ఎలా ఉండాలో పరుపే చూసుకుంటుంది, మంచం దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

ప్లైవుడ్ పరిచిన మంచాలు, స్టోరేజీ మంచాలు

ఆసరా ఒక్కటే చూస్తే ప్లైవుడ్‌ని మించింది లేదు, సందుల్లేవు, చదునుగా ఉంటుంది. చిక్కంతా గాలితో. రాత్రంతా ఒంట్లోంచి వచ్చే చెమ్మ, వేడి పరుపు గుండా కిందికి దిగుతాయి. కింద చల్లగా మూసుకుపోయిన పలక ఉంటే ఆ చెమ్మ అక్కడే ఆగుతుంది. లేటెక్స్‌కి బూజు అంత తొందరగా పట్టదని చెప్తారు, నిజమే కావచ్చు గానీ, పరుపు కవరుకీ, కవరులోని నూలుకీ, కింది చెక్కకీ పట్టకుండా ఆపేది ఎవరు? చెమ్మ ఎక్కువగా ఉండే ఊళ్లలో, చలికి తలుపులన్నీ మూసుకునే గదుల్లో ఇది త్వరగా బయటపడుతుంది.

ప్లైవుడ్‌కి కన్నాలు వేస్తే సరిపోతుందని అంటారు. కొంత పనికొస్తుంది, కానీ లెక్క చూడండి. ఆరు అంగుళాలకొకటి చొప్పున రెండు అంగుళాల కన్నాలు మొత్తం పలకంతా వేసినా తెరుచుకునేది నూటికి తొమ్మిది వంతుల లోపే. అవే ఒక అంగుళం కన్నాలైతే రెండు వంతులు. మూడంగుళాల బద్దలు, రెండున్నర సందు ఉన్న మంచంలో దాదాపు 45 వంతులు తెరిచి ఉంటుంది. కాబట్టి మంచం ఇంకా చేయించుకోలేదంటే కార్పెంటర్‌కి చెప్పి పలక బదులు బద్దలే వేయించుకోండి. లోపల సామాను మీద దుమ్ము పడుతుందనుకుంటే సామాను మీద ఒక పల్చని నూలు గుడ్డ కప్పుకోవచ్చు. మంచం ఇప్పటికే ఉంటే కన్నాలు వేయించి, పైన కొబ్బరి పీచు చాప గానీ, పట్టీకి కొట్టి చుట్టగా దొరికే బద్దల వరస గానీ వేసి, దాని మీద లేటెక్స్ వేయండి. పీచు చాప అర అంగుళం నుంచి అంగుళం ఉంటే చాలు. ఆపైన నెలకోసారి పరుపుని ఒక పక్కకి ఎత్తి గోడకి ఆనించి కొన్ని గంటలు వదిలేయండి. ఒక్కరే ఎత్తొద్దు.

పైకి లేచే హైడ్రాలిక్ స్టోరేజీ మంచాలకి ఇంకో మెలిక ఉంది. మూత పైకి నిలబెట్టే గ్యాస్ గొట్టాలు ఎంత బరువుకి తగ్గట్టు పెట్టారన్నది ముఖ్యం. వాటి మీద న్యూటన్లలో ఒక అంకె అచ్చేసి ఉంటుంది. తేలికైన ఫోమ్ పరుపుని దృష్టిలో పెట్టుకుని పెట్టిన గొట్టాల మీద 59 కిలోల లేటెక్స్ వేస్తే మూత సగంలో ఆగదు, లోపల చేయి పెట్టినప్పుడు మీద పడే ప్రమాదం ఉంది. అందుకే ఆర్డరిచ్చేటప్పుడే పరుపు బరువు చెప్పండి, పరుపు తయారీదారు దగ్గర ఆ అంకె ఉంటుంది. ఇంకోటి, మూత లేపగానే లేటెక్స్ కాళ్లవైపుకి జారి మడత పడుతుంది కాబట్టి అక్కడ అడ్డుకమ్మీ ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు తరచుగా తెరిచే మంచమైతే పైకి లేచేదాని బదులు పక్కన లాగే డ్రాయర్లున్నది చూసుకోండి.

ఇనుప మంచాలు, బాక్స్ స్ప్రింగ్‌లు, ఇంకా మిగిలినవి

ఇనుప మంచం గట్టిదనంలో ఏ లోటూ ఉండదు. దాని పైభాగం ఎలా ఉందో చూడాలి. పెద్ద గడుల జాలీ, లేదా దూరదూరంగా సన్నని కమ్మీలు ఉంటే లేటెక్స్ వాటి మధ్య పొంగుతుంది, కమ్మీ ఉన్నచోట కోసుకున్నట్టు గీతలు పడతాయి. పైన చెక్క బద్దలు పరిస్తే సరిపోతుంది. తుప్పు ఉంటే గీకి రంగేసి ఆరాకే పరుపు వేయండి.

బాక్స్ స్ప్రింగ్ అంటే చెక్క చట్రంలో స్ప్రింగులు పెట్టి గుడ్డ కప్పిన దిమ్మ, అది స్ప్రింగ్ పరుపుల కోసం పుట్టింది. లేటెక్స్ కింద వద్దు. అదే ఆకారంలో, లోపల స్ప్రింగులు లేకుండా ఉత్త చెక్క బద్దలతో చేసిన ఫౌండేషన్లు కూడా ఉంటాయి, అవి బాగుంటాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి గనుక చేత్తో గట్టిగా నొక్కి చూడండి, తిరిగి తన్నితే స్ప్రింగు. పైన గుడ్డ ఉన్నా లోపల బద్దల సందు ఎంతో వేళ్లతో తడిమి కనుక్కోవచ్చు. ఇరుకు మెట్లున్న ఇళ్లకి ఈ ఫౌండేషన్ రెండు ముక్కలుగా వస్తుంది, ఆ రెండూ కలిసే చోట ఎత్తు తేడా లేకుండా, కిందనే నడి దూలం వచ్చేలా చూసుకోవాలి.

తల, కాళ్లు ఎత్తుకునే మోటారు మంచాలకి లేటెక్స్ చక్కగా సరిపోతుంది, ఎటు వంచినా వంగుతుంది. మరీ మందంగా, పన్నెండు అంగుళాలు దాటి ఉంటే మడత దగ్గర మొరాయిస్తుంది. కవరు సాగే గుడ్డ అయితేనే సుఖం.

నేల మీద నేరుగా వేసుకోవడం కొన్నాళ్లకైతే పర్వాలేదు, రోజూ ఎత్తి ఆరబెట్టే ఓపిక ఉంటే. లేకపోతే చెమ్మే.

ఎత్తు, లోపలి కొలత, జారడం

మంచం ఎత్తు ఒక్కటే చూసి కొనకండి, నేల నుంచి పరుపు పైదాకా మొత్తం కొలవాలి. కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆని, మోకాళ్లు దాదాపు లంబకోణంలో ఉండాలి. చాలామందికి ఇది ఇరవై అంగుళాల అటూ ఇటూ వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఒకటి రెండు అంగుళాలు ఎక్కువుంటే లేవడం తేలిక. లేటెక్స్ అంచు కూర్చున్నప్పుడు కొంచెం అణుగుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

పక్క పట్టెలు బద్దల కంటే పైకి ఎంత వచ్చాయో కూడా చూడాలి. ఒకటి రెండు అంగుళాలు వస్తే పరుపుని జారకుండా పట్టుకుంటాయి. నాలుగు అంగుళాలు పైకొచ్చి పరుపు ఆరే ఉంటే, కూర్చోగానే అంచు అణిగి చెక్క తొడలకి ఒరుసుకుంటుంది. పట్టెలు అస్సలు లేని చదును మంచమైతే పరుపు రోజుకింత జరుగుతూ ఉంటుంది, దానికి జాలీలాంటి రబ్బరు గ్రిప్ మ్యాట్ వేయండి, కన్నాల్లేని రబ్బరు షీటు వేస్తే గాలి మళ్లీ మూసేసినట్టే.

లోపలి కొలత పరుపు కంటే అర అంగుళం నుంచి అంగుళం ఎక్కువ ఉండాలి. లేటెక్స్‌ని బిగుతుగా ఇరికిస్తే మధ్యలో ఉబ్బుతుంది. పరుపు కొలతలు కాగితం మీద ఒకటి, చేతికొచ్చాక ఒకటి ఉండటం మామూలే కాబట్టి, వీలైతే పరుపు ఇంటికొచ్చాక కొలిచి మంచం చేయించుకోవడం మంచిది.

రంగు, పాలిష్ గురించి ఒక మాట. నూనెలు, రంగుల్లోని ద్రావకాలు రబ్బరుని పాడుచేస్తాయి. కొత్తగా పాలిష్ పెట్టిన మంచం మీద వాసన పూర్తిగా పోయేదాకా పరుపు వేయకండి, నూనె పట్టించిన బద్దలు అసలే వద్దు. ఎండ కూడా లేటెక్స్‌ని పెళుసుగా మార్చి పొడిపొడి చేస్తుంది, ఆరబెట్టమన్నానని తెచ్చి ఎండలో పెట్టేరు. నీడలోనే.

ఇప్పుడున్న మంచమే వాడొచ్చా?

చాలాసార్లు వాడొచ్చు. పరుపు తీసేసి, ఒక పట్టె నుంచి ఎదురు పట్టెకి బద్దల మీదుగా దారం బిగించి కట్టండి. మధ్యలో ఒకరిని కూర్చోబెట్టి దారానికీ బద్దకీ మధ్య ఎంత ఖాళీ వస్తుందో చూడండి. అర అంగుళం దాటితే నడి దూలం, కాలు కావాలి. సందులు ఎక్కువుంటే మధ్యమధ్యలో అదే మందం బద్దలు కొట్టించండి, ఎత్తు తేడా రాకూడదు. ఈ రెండు పనులు ఒక పూటలో అయిపోతాయి, కొత్త మంచం అక్కర్లేదు.

పరుపు ఇప్పటికే వేసేసి నడుం నొప్పి వస్తుంటే, తప్పు పరుపుదా మంచానిదా తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది: రెండు మూడు రాత్రులు అదే పరుపుని శుభ్రమైన నేల మీద వేసి పడుకోండి. నొప్పి తగ్గితే మంచం బాగుచేయాలి. తగ్గకపోతే పరుపు మీకు పడలేదేమో చూడాలి. పరుపు వెనక్కి పంపే గడువు అయిపోకముందే ఈ పని చేయండి. వారంటీ కాగితాలు కూడా చదవండి, వాటిలో కింద ఆసరా ఎలా ఉండాలో, సందు ఎంత దాటకూడదో చాలామంది తయారీదారులు రాసిపెడతారు. ఫిర్యాదు చేస్తే ముందు మంచం ఫొటోలే అడుగుతారు. పరుపు వేసే రోజే బద్దలకి టేపు ఆనించి రెండు ఫొటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

కిర్రుకిర్రు చప్పుడు వస్తే అది లేటెక్స్ నుంచి మాత్రం కాదు. బద్ద దూలం మీద ఆనే చోట ఫెల్ట్ ముక్క అతికిస్తే చాలావరకు పోతుంది. కొత్త మంచం బోల్టులు మొదటి నెల తర్వాత ఒకసారి, ఆపైన వాతావరణం మారినప్పుడల్లా ఒకసారి బిగించండి, చెక్క చెమ్మకి ఉబ్బి, పొడికి ముడుచుకుంటూ ఉంటుంది కదా, వదులవడం మామూలే.